తెడ్డు చక్రాల ఓడ: వేవర్లీ మీద ఒక పగటి ప్రయాణంలో కనిపించే భౌతికశాస్త్రం

స్కాట్లాండ్‌లోని గ్లాస్గో నగరంలో క్లైడ్ నది ఒడ్డున ఒక సైన్స్ సెంటర్ ఉంది. వేసవిలో ఆ భవనం పక్కనే ఉన్న రేవులో పొద్దున్నే జనం బారులు తీరతారు. వాళ్లు ఎదురుచూసేది సైన్స్ సెంటర్ తలుపులు తెరవడం కోసం కాదు, రేవులో ఆగి ఉన్న ఓడ కోసం. నలుపు, తెలుపు, ఎరుపు రంగులు వేసిన రెండు పొగగొట్టాలు, నడుముకు రెండు పక్కలా అర్ధచంద్రాకారంలో పెద్ద పెట్టెలు. ఆ పెట్టెల లోపల తిరిగే చక్రాలే ఆ ఓడను నడిపిస్తాయి. దాని పేరు వేవర్లీ. ప్రయాణికులను ఎక్కించుకుని సముద్రంలోకి వెళ్లే తెడ్డు చక్రాల ఆవిరి ఓడ ఈ రోజుకు ప్రపంచంలో అదొక్కటే.

టికెట్ కొన్నవాళ్లు వెళ్లేది పెద్ద దూరమేమీ కాదు. గ్రీనాక్, డునూన్, రోత్సే రేవుల మీదుగా బ్యూట్ దీవి చుట్టుపక్కల జలసంధుల దాకా పోయి సాయంత్రానికి తిరిగొస్తారు. కొండలు, కోటలు, గాలి, టీ, బిస్కెట్లు. అయితే ఓడ కదిలిన కాసేపటికే చాలామంది కొండలను వదిలేసి లోపలికి దిగుతారు. ప్రధాన డెక్ మీద నడవాలకు పక్కనే ఇంజను గది తెరిచి ఉంటుంది. మనిషి ఎత్తుకు మించిన ఉక్కు కడ్డీలు ముందుకూ వెనక్కూ ఊగుతుంటే, వాటి చివర క్రాంక్ షాఫ్ట్ గిరగిరా తిరుగుతుంటే, పిల్లలు కటకటాలకు ముఖాలు ఆనించి చూస్తుంటారు. పాతకాలంలో క్లైడ్ స్టీమర్లలో మగవాళ్లు "ఇంజన్లు చూసొస్తా" అని ఇంట్లోవాళ్లకు చెప్పి బార్ వైపు జారుకునేవారని అక్కడ ఒక జోక్ ఉంది. నిజంగా ఇంజన్లు చూసినవాళ్లకు మాత్రం దక్కేది ఎక్కువే. నిమిషానికి యాభై చుట్లకు అటూఇటూగా తిరిగే ఈ యంత్రంలో ప్రతి కదలికనూ కంటితో వెంబడించవచ్చు. నేటి వాహనాల ఇంజన్లలో ఆ అవకాశం లేదు. పని అంతా మూత కిందే జరిగిపోతుంది.

ఒకే ఆవిరితో మూడుసార్లు పని

వేవర్లీని 1946లో నీటిలోకి దించారు. 1947 జూన్‌లో ప్రయాణికులతో తొలి ప్రయాణం చేసింది. అంతకుముందు అదే పేరుతో ఉన్న 1899 నాటి ఓడ 1940లో డంకర్క్ నుంచి సైనికులను తరలించే పనిలో ఉండగా బాంబు దాడికి మునిగిపోయింది. దాని స్థానంలో ఒక రైల్వే కంపెనీ కట్టించిన ఓడ ఇది. పొడవు 73 మీటర్లు. ఇంజను శక్తి 2,100 హార్స్‌పవర్, అంటే ఒకటిన్నర మెగావాట్లకు కొంచెం పైన.

ఇంజనుకు మూడు సిలిండర్లు ఉన్నాయి. మూడూ ఒకే కొలతవి కావు. మొదటిదాని వ్యాసం సుమారు 61 సెంటీమీటర్లు, రెండోది 99, మూడోది 157. బాయిలర్ నుంచి వచ్చే ఆవిరి, వాతావరణ పీడనానికి దాదాపు 12 రెట్ల పీడనంతో, ముందు చిన్న సిలిండర్‌లోకి వెళ్లి పిస్టన్‌ను నెడుతుంది. అక్కడ వ్యాకోచించి పీడనం తగ్గిన ఆవిరిని బయటికి వదిలేయరు. రెండో సిలిండర్‌కు, ఆ తర్వాత మూడో సిలిండర్‌కు పంపుతారు. పీడనం తగ్గేకొద్దీ పిస్టన్ వైశాల్యం పెరుగుతుంది. బలం అంటే పీడనాన్ని వైశాల్యంతో గుణించగా వచ్చేదే కాబట్టి, నీరసించిన ఆవిరి కూడా పెద్ద పిస్టన్ మీద గట్టి తోపే ఇస్తుంది. వ్యాసాలను వర్గం చేసి పోల్చి చూస్తే మూడో పిస్టన్ వైశాల్యం మొదటిదానికి ఆరున్నర రెట్లకు పైగా ఉంటుంది.

ఇక్కడ ఒక ప్రశ్న వస్తుంది. ఆవిరి వ్యాకోచించడమే కావాలంటే ఒకే పెద్ద సిలిండర్‌లో ఆ పని జరిగిపోదా? మూడు ఎందుకు?

జవాబు సిలిండర్ గోడల్లో ఉంది. వ్యాకోచించే ఆవిరి చల్లబడుతుంది, తనతో పాటు సిలిండర్ గోడలనూ చల్లబరుస్తుంది. వెంటనే బాయిలర్ నుంచి వేడి ఆవిరి వస్తే అందులో కొంత భాగం ఆ చల్లని గోడలను తాకి నీరైపోతుంది. నీరైన ఆవిరి పిస్టన్‌ను నెట్టదు. చలికాలం పొద్దున ఇత్తడి గ్లాసులో పొగలు కక్కే కాఫీ పోస్తే కాఫీ వేడిలో కొంత ముందు గ్లాసే తాగేస్తుంది చూడండి, అలాంటిదే ఇదీ. ఆవిరి పీడనం తగ్గడాన్ని మూడు మెట్లుగా విడగొడితే ఒక్కో సిలిండర్ చిన్న ఉష్ణోగ్రతా భేదాన్నే చూస్తుంది. మొదటిది ఎప్పుడూ బాగా వేడిగా, మూడోది ఎప్పుడూ కాస్త చల్లగా ఉంటాయి. వృథా తగ్గుతుంది. పైగా మూడు క్రాంకులనూ ఒకదానికొకటి 120 డిగ్రీల ఎడంతో పెడతారు. అందువల్ల ఒక పిస్టన్ తన దారి చివర క్షణం ఆగి వెనక్కి తిరిగే వేళ మిగతా రెండూ షాఫ్ట్‌ను తిప్పుతూనే ఉంటాయి.

మూడో సిలిండర్ దాటిన ఆవిరి కండెన్సర్‌లోకి వెళ్తుంది. సముద్రపు నీటితో చల్లబరిచిన గొట్టాలను తాకి నీరవుతుంది. వాతావరణ పీడనం దగ్గర ఒక లీటరు నీరు సుమారు 1,700 లీటర్ల ఆవిరి అవుతుంది కదా, ఇక్కడ జరిగేది దానికి తలకిందులు. అంత చోటు ఆక్రమించిన ఆవిరి ఒక్కసారిగా కుంచించుకుపోవడంతో అక్కడ దాదాపు శూన్యం ఏర్పడుతుంది. మూడో పిస్టన్‌కు ఒకవైపు ఆవిరి తోపు, రెండోవైపు ఆ శూన్యం. ఇలా దొరికిన మంచినీరు తిరిగి బాయిలర్‌కే పోతుంది. ఉప్పునీటిని మరిగిస్తే బాయిలర్ లోపల ఉప్పు పేరుకుపోతుంది కాబట్టి ఈ మంచినీటి చక్రం తప్పనిసరి.

ఇంత జాగ్రత్త పడినా దక్కేది ఎంత? ఆ పీడనం దగ్గర ఆవిరి ఉష్ణోగ్రత సుమారు 193 డిగ్రీల సెల్సియస్, అంటే 466 కెల్విన్. కండెన్సర్ 50 డిగ్రీల దగ్గర, అంటే 323 కెల్విన్ దగ్గర ఉందనుకుందాం. కార్నో సూత్రం ప్రకారం ఈ రెండింటి మధ్య పనిచేసే ఏ యంత్రమైనా, అది ఎంత లోపరహితమైనదైనా, వేడిలో 31 శాతాన్ని మించి పనిగా మార్చలేదు. ఇలాంటి ఇంజన్లకు ఆచరణలో దక్కేది అందులో సగమో, అంతకన్నా తక్కువో. నేటి పెద్ద నౌకల డీజిల్ ఇంజన్లు 50 శాతం దాకా పోతాయి. ఆవిరి ఇంజన్లు సరుకు ఓడల నుంచి ఎందుకు వెళ్లిపోయాయో ఈ రెండు అంకెలే చెబుతాయి.

చక్రానికి తెలివి ఎక్కడిది

తెడ్డు చక్రం అనగానే చాలామంది మనసులో మెదిలేది చుట్టూ పలకలు బిగించిన బండిచక్రం. తొలినాళ్ల చక్రాలు అలాంటివే. వాటితో చిక్కేమిటంటే, పలక నీటిలోకి దిగేటప్పుడు ఏటవాలుగా పడి నీటిని చెంపదెబ్బలా కొడుతుంది. పైకి లేచేటప్పుడు నీటిని చాటతో ఎత్తినట్టు ఎత్తుతుంది. ఒక దెబ్బ ఓడను పైకి నెడితే, రెండోది కిందికి లాగుతుంది. ముందుకు నెట్టే పని చక్రం అట్టడుగున ఉన్న పలకదే.

గోదావరిలో నాటుపడవ నడిపేవాళ్లు తెడ్డు వేసే తీరు గమనిస్తే దీనికి పరిష్కారం తెలిసిపోతుంది. వాళ్లు తెడ్డును వీలైనంత నిలువుగా దించుతారు, నిలువుగానే పైకి తీస్తారు. వేవర్లీ చక్రం చేసేదీ అదే. దాని ఒక్కో చక్రానికి ఎనిమిది చెక్క పలకలు. ఏ పలకా చక్రానికి కదలకుండా బిగించి ఉండదు. కీలు మీద ఊగుతుంది. చక్రం కేంద్రానికి కొంచెం పక్కన మరో కేంద్రం ఉంటుంది. దాని నుంచి ఒక్కో పలకకు ఒక్కో కడ్డీ వెళ్తుంది. రెండు కేంద్రాలూ ఒకచోట లేనందువల్ల, చక్రం తిరుగుతుంటే ఆ కడ్డీలు పలకలను లాగుతూ, నెడుతూ వాటి వాలును మారుస్తూ ఉంటాయి. నీటిలో ఉన్నంతసేపూ పలక దాదాపు నిలువుగా ఉంటుంది. సెన్సర్లు లేవు, మోటార్లు లేవు. జ్యామితి ఒక్కటే పనిచేస్తుంది.

చక్రం అంచు వేగం ఎప్పుడూ ఓడ వేగం కన్నా ఎక్కువే ఉండాలి. రెండూ సమానమైతే నీటిని వెనక్కి నెట్టడమంటూ ఉండదు. నాలుగు మీటర్ల వ్యాసమున్న చక్రం నిమిషానికి 45 చుట్లు తిరుగుతోందని అనుకుందాం. అంచు వేగం సెకనుకు 9.4 మీటర్లు. ఓడ 14 నాట్ల వేగంతో, అంటే సెకనుకు 7.2 మీటర్లు పోతోంది. తేడా సెకనుకు 2.2 మీటర్లు, దాదాపు నాలుగో వంతు. దీన్ని జారుడు అంటారు. జారుడు అనేసరికి లోపంలా వినిపిస్తుంది గానీ, అది లేకపోతే ఓడ కదలదు. ఎంత జారాలన్నదే ప్రశ్న.

ఎక్కువ నీటిని మెల్లగా నెట్టాలా, తక్కువ నీటిని వేగంగా నెట్టాలా? ఓడకు దక్కే తోపు వెనక్కి పంపిన నీటి ద్రవ్యవేగాన్ని బట్టి ఉంటుంది. 100 కిలోల నీటిని సెకనుకు 1 మీటరు వేగంతో నెట్టినా, 10 కిలోలను సెకనుకు 10 మీటర్ల వేగంతో నెట్టినా ద్రవ్యవేగం ఒకటే. ఖర్చయ్యే శక్తి మాత్రం ఒకటి కాదు. మొదటిదానికి 50 జౌళ్లు, రెండోదానికి 500. అందుకే ఓడను నడిపే సాధనం ఏదైనా సరే, వీలైనంత ఎక్కువ నీటిని పట్టుకుని వీలైనంత తక్కువగా కదిలించడమే లాభం. వెడల్పాటి పలకలున్న తెడ్డు చక్రం ఈ లెక్కలో వెనకబడిందేమీ కాదు.

మరి ప్రొపెల్లర్ ఎందుకు గెలిచింది?

1845లో బ్రిటిష్ నౌకాదళం రెండు ఓడలను వెనకా వెనకా కట్టి తాడులాట ఆడించింది. ప్రొపెల్లర్ ఉన్న ర్యాట్లర్, తెడ్డు చక్రాలున్న అలెక్టోను సుమారు 2 నాట్ల వేగంతో వెనక్కి ఈడ్చుకుపోయింది. పాఠ్యపుస్తకాల్లో ఈ కథ బాగా పండింది. నిజానికి ర్యాట్లర్ ఇంజను శక్తి ఎక్కువ, కాబట్టి అది న్యాయమైన పోటీ కాదు. ప్రొపెల్లర్‌ను గెలిపించింది ఆ ఆట కాదు, సముద్రం. నడిసంద్రంలో ఓడ పక్కకు ఒరిగినప్పుడల్లా ఒక చక్రం లోతుగా మునుగుతుంది, రెండోది గాలిలో తిరుగుతుంది. దూర ప్రయాణంలో బొగ్గు తగ్గేకొద్దీ ఓడ తేలికై పైకి లేస్తుంది, చక్రాలకు నీరు అందదు. యుద్ధనౌకకైతే అంత పెద్ద చక్రం శత్రువు ఫిరంగికి సులువైన గురి. నీటి లోపల దాగి ఉండే ప్రొపెల్లర్‌కు ఈ బాధలేవీ లేవు.

ఒరిగే బాధ విహారయాత్రలోనూ ఉంది. కోట వచ్చిందనో, సీల్ జంతువు కనిపించిందనో ప్రయాణికులంతా ఒకేసారి కుడివైపుకు పరుగెత్తితే కుడి చక్రం లోతుగా దిగి ఎక్కువ తోస్తుంది. ఓడ ముక్కు ఎడమకు లాగుతుంది. పాత స్టీమర్లు కొన్నింటిలో గొలుసులు నింపిన బరువైన పెట్టెలను చక్రాల బండ్ల మీద పెట్టి, జనం ఒకవైపు చేరితే వాటిని రెండోవైపుకు తోసి ఓడను సరిచేసేవారు.

రేవు దగ్గర పడేసరికి

ప్రయాణంలో కెప్టెన్‌కు అన్నిటికన్నా కష్టమైన ఘట్టం రేవు చేరడం. మన గోదావరి లాంచీకి వెనక ప్రొపెల్లర్, దాని వెనకే చుక్కాని ఉంటాయి. లాంచీ నిలిచి ఉన్నా సరే, ప్రొపెల్లర్ తిరిగితే నీరు చుక్కానికి తగులుతుంది, ముక్కు తిరుగుతుంది. వేవర్లీ చక్రాలు ఓడ నడుమున ఉన్నాయి, చుక్కాని ఎక్కడో తోక దగ్గర ఉంది. ఓడ మెల్లబడితే చుక్కాని మీదుగా పోయే నీరూ మెల్లబడుతుంది, పట్టు పోతుంది. పోనీ ఒక చక్రాన్ని ముందుకూ, రెండోదాన్ని వెనక్కూ తిప్పి ట్రాక్టరులా మలుపు తిప్పవచ్చా అంటే, రెండు చక్రాలూ ఒకే షాఫ్ట్ మీద బిగించి ఉన్నాయి. తిరిగితే రెండూ ఒకవైపే. ఒక్కో చక్రానికి విడిగా ఇంజను పెట్టిన తెడ్డు చక్రాల టగ్గులు ఉండేవి. అవి ఉన్నచోటనే బొంగరంలా తిరిగేవి. ప్రయాణికుల ఓడలో ఆ ఏర్పాటుకు ఒప్పుకోరు. గుంపు ఒకవైపు చేరిన వేళ చక్రాలు వేర్వేరు వేగాలతో తిరిగితే ఓడ అదుపు తప్పుతుందని భయం.

అందువల్ల వేవర్లీ రేవుకు కాస్త వేగంగానే రావాలి. చివరి క్షణాల్లో ఇంజనును వెనక్కి తిప్పి ఆపాలి. ఇక్కడే ఆవిరి ఇంజను గొప్పతనం కనిపిస్తుంది. గేర్లు మార్చే పని లేదు. ఆవిరి ఏ వేళకు సిలిండర్‌లోకి రావాలో నిర్ణయించే కవాటాల అమరికను మారిస్తే అదే ఇంజను వెనక్కి తిరుగుతుంది. నిలిచి ఉన్న స్థితి నుంచే పూర్తి బలం ఇస్తుంది. కింద ఇంజనీరు, పైన కెప్టెన్, వాళ్ల మధ్య గంటలు కొట్టే టెలిగ్రాఫ్ యంత్రం. ఇందులో ఎక్కడ తేడా వచ్చినా ఫలితం చిన్నది కాదు. 2020 సెప్టెంబరులో ఆరన్ దీవిలోని బ్రాడిక్ రేవును వేవర్లీ ముక్కుతో ఢీకొంది, ప్రయాణికులు గాయపడ్డారు. ఇది తాళ్లతో కట్టిపడేసిన ప్రదర్శనశాల ఓడ కాదు, ప్రాణాలతో సంబంధమున్న వాహనం.

క్లైడ్ నుంచి హుగ్లీ దాకా

సముద్రంలో ఓడిన చక్రం నదుల్లో మాత్రం చాలా కాలం రాజ్యమేలింది. దానికి కారణం ఆ 50, 500 జౌళ్ల లెక్కే. ప్రొపెల్లర్ పూర్తిగా మునిగి ఉండాలి. నది లోతు తక్కువైతే ప్రొపెల్లర్ వ్యాసమూ తగ్గించాలి. చిన్న ప్రొపెల్లర్ కొద్ది నీటినే పట్టుకుంటుంది, దాన్ని వేగంగా తోయాల్సి వస్తుంది, ఇంధనం దండగ. తెడ్డు చక్రాన్ని లోతుకు పెంచనక్కర్లేదు, పలకలను వెడల్పు చేస్తే చాలు. ఇసుకమేటకు తగిలి పలక విరిగినా అది చెక్కదే, మార్చుకోవచ్చు.

ఇసుకమేటలు మేసే మన ఉపఖండపు నదులకు ఇంతకన్నా ఏం కావాలి? 1823లోనే కలకత్తా దగ్గరి ఖిదిర్‌పూర్‌లో డయానా అనే ఆవిరి పడవను హుగ్లీలోకి దించారు. మరుసటి ఏడాది మొదలైన మొదటి బర్మా యుద్ధంలో అది ఐరావతి నది మీద పనిచేసింది. 1825లో ఎంటర్‌ప్రైజ్ అనే తెడ్డు చక్రాల ఓడ ఇంగ్లండ్ నుంచి కలకత్తాకు వచ్చింది. దారిలో చాలా రోజులు తెరచాపలే దిక్కయ్యాయి, దాదాపు నాలుగు నెలలు పట్టింది. ఐరావతి మీద తర్వాత నడిచిన స్టీమర్లలో చాలావాటిని క్లైడ్ ఒడ్డునే ఉన్న డంబార్టన్‌లో కట్టి పంపారు. కోల్‌కతా రేవుకు చెందిన భోపాల్ అనే తెడ్డు చక్రాల ఓడ కూడా 1944లో డంబార్టన్‌లో తయారైనదే. ఇటీవలి ఏళ్లలో దాన్ని బాగుచేసి హుగ్లీ మీద సందర్శకుల కోసం ముస్తాబు చేశారు. వేవర్లీకి అది మూడేళ్లు పెద్ద, ఒకే నది ఒడ్డున పుట్టిన అక్క అన్నమాట.

బంగ్లాదేశ్‌లో ఢాకా నుంచి దక్షిణాది రేవులకు దశాబ్దాల పాటు నడిచిన స్టీమర్లను జనం 'రాకెట్' అనేవారు. వాటి కాలానికి అవే వేగవంతమైనవి. మహసూద్, ఆస్ట్రిచ్, లెప్చా, టర్న్ అనేవి వాటి పేర్లు. వాటి చక్రాలు అలాగే ఉన్నాయి, ఆవిరి ఇంజన్లు తీసేసి డీజిల్ పెట్టారు. ఖర్చు లెక్కలో తప్పుబట్టలేం. కాకపోతే రాకెట్ ఎక్కినవాళ్లకు చక్రం చప్పుడు వినిపిస్తుంది గానీ, ఒకే ఆవిరి పదేపదే పనిచేసే తీరు చూసే వీలు అక్కడ లేదు.

బాయిలర్‌కు వయసు మీద పడితే

వేవర్లీని 1973లో సర్వీసు నుంచి తప్పించారు. కార్లు, బస్సులు, రోడ్లు పెరిగాక క్లైడ్ మీద సెలవుల ప్రయాణాలు పల్చబడ్డాయి. 1974లో యజమాని సంస్థ దాన్ని తెడ్డు చక్రాల ఓడల పరిరక్షణ సంఘానికి ఒక్క పౌండుకు అమ్మింది. మళ్లీ నడుస్తుందని పెద్దగా ఎవరూ అనుకోలేదు. 1975లో నడిచింది.

ఒక్క పౌండు ధర వింటే చవకగా దక్కిందనిపిస్తుంది, అసలు ఖర్చు తర్వాత మొదలైంది. ఇంజను 1947 నాటిదే, ఇంకా అదే తిరుగుతోంది. మెల్లగా తిరిగే యంత్రం, నూనె సరిగ్గా అందితే అరుగుదల స్వల్పం, అరిగిన బేరింగు మార్చుకోవచ్చు. బాయిలర్ సంగతి అలా కాదు. మంట పెట్టిన ప్రతిసారీ దాని ఉక్కు వ్యాకోచిస్తుంది, ఆర్పినప్పుడల్లా సంకోచిస్తుంది. లోపల పీడనం ఎప్పుడూ చీల్చాలని చూస్తుంటుంది. నీటిలో కరిగిన ఆక్సిజన్ గొట్టాలను లోపలి నుంచి తినేస్తుంది. సన్నబడిన ఉక్కు బయటికి కనిపించదు. 1865లో అమెరికాలో మిసిసిపీ మీద సుల్తానా అనే తెడ్డు చక్రాల ఓడ బాయిలర్లు పేలి వెయ్యిమందికి పైగా చనిపోయారు. అందుకే బాయిలర్ విషయంలో తనిఖీ అధికారులు 'ఇంకో ఏడాది చూద్దాం' అనరు.

వేవర్లీకి 1981లో ఒకసారి, 2000లో మరోసారి బాయిలర్లు మార్చారు. 2019లో మూడోసారి అవసరం వచ్చింది. ఆ వేసవంతా ఓడ రేవులోనే ఆగిపోయింది. 23 లక్షల పౌండ్ల కోసం ప్రజలకు విజ్ఞప్తి చేశారు, డబ్బు పోగైంది. పొగగొట్టాలు, డెక్‌లో కొంత భాగం తీసి కొత్త బాయిలర్లను దించారు. మొదట్లో బొగ్గుతో మండిన కొలిమి 1957 నుంచే చమురుకు మారి ఉంది. ఇప్పుడు మండేదీ చమురే. 2020 ఆగస్టులో, కోవిడ్ నిబంధనల మధ్య, తక్కువమంది ప్రయాణికులతో చక్రాలు మళ్లీ తిరిగాయి.